దిబ్బ తప్పిన దోనె

జనవరి 13, సోమవారం

ఒళ్ళు మండిపోతోంది. డైవింగ్ గైడ్‌గా నలుగురు ఇటలీ గెస్టులతో సముద్రంలోకి దూకాను. పన్నెండు మీటర్ల కింద పగడపు దిబ్బ తగలాలి. ఇరవై దాకా దిగినా నీలం తప్ప ఏమీ లేదు. సముద్రపు కరెంట్ మమ్మల్ని ఈడ్చుకుపోయింది. పైకి తేలేసరికి దోనె ఎక్కడో చిటికెన వేలంత కనిపించింది. వాళ్ళలో ఒకావిడ నా చెయ్యి వదలకుండా ఏడ్చింది.

ఇక్కడ దిబ్బ లేదని దూకేముందే చెప్పాను. మాలేలో కొన్న సౌండర్ చేతిలోనే ఉంది. టార్చిలా ఉంటుంది. మొన నీళ్ళలో ముంచి నొక్కితే లోతు చెబుతుంది. నలభై రెండు అంది. మళ్ళీ ముంచాను. నలభై రెండే. కెప్టెన్ మౌరూఫ్ మామ చుక్కాని దగ్గర నవ్వాడు. "నీ బొమ్మకి బ్యాటరీ అయిపోయుంటుందిలే షియూ! నువ్వు పుట్టకముందు నుంచీ ఈ దిబ్బ మీద చేపలు పడుతున్నా. దూకు." గెస్టుల ముందు కెప్టెన్‌కి ఎదురు చెప్పడం మా దీవిలో లేదు. దూకాను.

సాయంత్రం

తప్పు నాదేనట! బొమ్మతో ఆడుతూ ఆలస్యం చేశానట, ఈలోగా కరెంట్ దోనెని లాగేసిందట. చెప్పింది డైవ్ సెంటర్ ఓనర్ షహీమ్. మామకి సొంత మేనల్లుడు, ఇంకేమంటాడు? రేపటినుంచి డైవింగ్ సూట్లు కడగాలట. మళ్ళీ గైడ్‌గా పంపడం అనుమానమేనట.

జనవరి 14

సూట్లు కడిగాను.

జనవరి 15

నా బదులు ఇంకో గైడ్ రిల్వాన్ వెళ్ళాడు. ఇవాళా దిబ్బ దొరకలేదు. కరెంట్ బలంగా ఉందట, పాపం. నేను వెళ్తే నా తప్పు. వాడు వెళ్తే కరెంట్ తప్పు.

జనవరి 17, శుక్రవారం

నమాజు రోజు, దోనెలు కదలవు. అన్నయ్య చిన్న పడవ తీసుకుని వెళ్ళాను. ముంచడం, నొక్కడం. నలభై. నలభై ఒకటి. ముప్ఫై ఎనిమిది. ఉన్నట్టుండి పదమూడు. చేపల గుంపేమో అని మాస్క్ పెట్టుకుని తల ముంచి చూశాను. దిబ్బే!

తలెత్తి ఒడ్డు వైపు చూశాను. జెట్టీ దీపస్తంభం, మసీదు మినార్ ఒకే వరసలోకి వస్తే కింద దిబ్బ ఉన్నట్టే. మామ గురి అది. అవి వరసలో లేవు. అప్పుడు వెలిగింది. పోయిన శుక్రవారమే కొత్త మసీదు తెరిచాం. ఊరంతా చందాలేసుకుని కట్టుకున్నది. మర్నాడే పాత మినార్ పడగొట్టేశాం. కొత్తది దాని పక్కన, కాస్త పడమరగా ఉంది. మామ దాన్ని పట్టుకుని నడుపుతున్నాడు. ఒడ్డున ఆ కాస్త తేడా ఇంత దూరం వచ్చేసరికి దిబ్బనే తప్పించేసింది.

హోటల్లో టీ తాగుతున్న మామకి వెళ్ళి చెప్పాను. "అల్లా ఇంటికే వంక పెడతావా?" అన్నాడు అందరికీ వినపడేలా. మసీదుకి కాదు మామా, మీ గురికి అన్నాను. మొహం తిప్పుకున్నాడు. షహీమ్ నోరు మూసుకోమన్నాడు. మూసుకోవాల్సింది నేనా?

జనవరి 18

రిల్వాన్‌కి చెవి నొప్పి. రేపు నన్ను రమ్మన్నారు. క్షమించి కాదు, గతిలేక. ఏం జరిగినా ఇదే ఆఖరి అవకాశం అని షహీమ్ బెదిరింపు.

జనవరి 19

మామ మళ్ళీ కొత్త మినారే పట్టాడు. సౌండర్ ముంచాను. నలభై నాలుగు. గెస్టులందరికీ వినపడేలా చెప్పాను.

"దూకు" అన్నాడు.

ట్యాంక్ విప్పేసి కూర్చున్నాను. నన్ను చూసి గెస్టులూ కూర్చున్నారు.

మామ చుక్కాని పట్టుకుని, నా వైపు చూడకుండానే, "ఎటు తిప్పమంటావ్?" అని అడిగాడు.