బేరింగు వెనకవైపు

దువ్వాడ,
14 సెప్టెంబరు 1997

ప్రియమైన అర్జునరావు బావకి,

సన్యాసిరాజు రాసేది. ఇక్కడ నేనూ మీ చెల్లీ కులాసా. కులాసాగా లేనిది ఒక్క నా ఫియటే. మొన్న ఆనందపురం రోడ్డు మీద ఇంజను మళ్ళీ పట్టేసింది. ముందు టకటకమని కొట్టుకుంది, ఆ తర్వాత బిగుసుకుపోయింది. లారీ వెనక తాడుతో కట్టించుకుని ఇంటికి తెచ్చాను. మా వీధి జనమంతా గుమ్మాల్లోకి వచ్చి పెళ్ళికొడుకుని చూసినట్టు చూశారు. నవ్వకు బావా.

విప్పి చూస్తే మెయిన్ బేరింగులు మాడిపోయి ఉన్నాయి. వాటిలో సగం గాజుల్లా ఉండే, నిగనిగలాడాల్సిన షెల్సు నల్లబడి, తమ మధ్య తిరిగే క్రాంకు షాఫ్టుకి అతుక్కుపోయాయి. పోయినేడాదీ ఇదే గోల. రెండు కార్బరేటర్లు పెట్టించాను, హెడ్డు చెక్కించాను, ఇంజనుకి బలం పెంచాను. ఆ బలాన్ని మోసే చోటు సంగతి మాత్రం గాలికొదిలేశాను.

మీ చెల్లి అరిస్తే నేనూ అరిచేవాణ్ణి. దేవిశ్రీ అరవలేదు. "ఇది ఆకరిసారి మావా. మళ్ళీ పట్టేసిందనుకో, ఎవుడికో ఒకడికి ఇచ్చీ. నాను ఏటీ అనను, నువ్వూ ఏటీ అనకు" అంది. సింహాచలం కొండవైపు తిరిగి సరేనని ఒట్టేశాను.

ఇక్కడి మోటారు క్లబ్బు వాళ్ళు డిసెంబరులో అరకు దాకా కార్ల ర్యాలీ పెడుతున్నారు. పగలంతా స్టీలు ప్లాంటులో వాళ్ళ యంత్రాలు బాగుచేస్తాను. నాదని చెప్పుకోడానికి ఉన్న యంత్రం ఇదొక్కటే బావా. ఒక్కసారి దీంతో ఆ దారిలోని అనంతగిరి మలుపులు ఎక్కాలని ఉంది. నువ్వు రేసు కార్ల ఇంజన్లు కట్టే చోట పనిచేస్తున్నావు కదా. ఈ బేరింగులు ఎలా కూర్చోబెట్టాలో విడమరిచి రాయి. ఈసారి మేస్త్రీకి ఇవ్వను, నా చేత్తోనే కడతాను.

ఇట్లు, నవ్వులపాలైన నీ బావ
సన్యాసిరాజు

కోయంబత్తూరు,
21 సెప్టెంబరు 1997

ఒరే బావా సన్యాసిరాజూ,

నవ్వాను. ఉత్తరం షెడ్డులో అందరికీ చదివి వినిపించి మరీ నవ్వాను. ఇప్పుడు పనిలోకి వద్దాం. ఫోన్లో చెబితే ఊఁ ఊఁ అని మర్చిపోతావు కాబట్టి రాస్తున్నాను. ఈ కాగితం షెడ్డు గోడకి అంటించుకో.

ముందు పాత షెల్సు చివర్లు చూడు. ఆకురాయితో రాసిన గీతలు కనిపిస్తే నీ మేస్త్రీ నిర్వాకం అదే. షెల్ని ఇంజను బ్లాకులోని గుంటలో పెట్టినప్పుడు దాని చివర్లు వెంట్రుకవాసి పైకి ఉంటాయి. అది తప్పు కాదు, అలాగే ఉండాలి. మూతలాంటి క్యాపు పైన బిగించినప్పుడు ఆ కాస్త ఒత్తిడికే షెల్ కదలకుండా కూర్చుంటుంది. ఎక్కువైందని రాకేస్తే ఆ పట్టు పోతుంది, షెల్ జారుతుంది, నూనె వచ్చే కన్నం మూసుకుంటుంది. ఆ తర్వాత నీ ఊరేగింపు.

కొత్త షెల్సుని ఆకురాయి దగ్గరకి కూడా పోనివ్వకు. బ్లాకులో నూనె కన్నానికి షెల్లోని కన్నం ఎదురుగా రావాలి. క్యాపుల మీద నంబర్లుంటాయి, దేని చోట అదే. ఒకదాన్ని ఇంకోచోట పెట్టినా, తిరగేసి పెట్టినా చెడుతుంది. క్రాంకు తిరిగే ముఖానికి నూనె బాగా రాయి. వెనకవైపు మాత్రం నూనె వద్దు, తడి వద్దు, దుమ్ము వద్దు. వెనక ఇసుక రేణువు ఉన్నా ముందువైపు బొడిపె లేస్తుంది. నీ ఇంజను మామూలుది కాదు, వేగంగా తిరిగేది, ఆ బొడిపెని క్షమించదు. ఒక్కో క్యాపూ బిగించాక క్రాంకుని చేత్తో తిప్పి చూసుకో. మెత్తగా తిరిగితేనే తర్వాతి దానికి వెళ్ళు.

దేవిశ్రీని నేను అడిగానని చెప్పు. అది ఒట్టు వేయించుకుందంటే అంత విసిగించి ఉంటావు.

ఇక్కడ మంచి చేప దొరక్క అల్లాడుతున్న
అర్జునరావు

దువ్వాడ,
14 అక్టోబరు 1997

బావా,

ఈసారి హాస్యానికి చోటు లేదు. కారు అమ్మేస్తున్నాను.

నువ్వు చెప్పినట్టే చేశాను. ఆకురాయి గీతలు నిజంగానే ఉన్నాయి, నీ నోట్లో చక్కెర పొయ్య. క్రాంకు గ్రైండింగు చేయించి, దానికి తగ్గ సైజు షెల్సు కొన్నాను. దసరా ముందురోజు అన్నీ కడిగి, తుడిచి, వెనకలు రెండేసిసార్లు చూసుకుని షెల్సు కూర్చోబెట్టాను. క్యాపులు బిగించి తిప్పితే క్రాంకు ఒక్క వేలితో తిరిగింది. ఎంత సంతోషం వేసిందో! ఒంటరిగా షెడ్డులో గెంతాను. మళ్ళీ ఒకసారి కడిగి పండగనాడు చివరి బిగింపు బిగిద్దామని క్రాంకుని పైకి తీసి, గుడ్డ కప్పి పడుకున్నాను. షెల్సు వాటి చోట్లోనే ఉన్నాయి.

పండగనాడు పొద్దున్న నూనె రాసి, క్రాంకు దించి, అదే బిగింపు బిగించాను. కదల్లేదు. రెండు చేతులా పట్టి తిప్పితే గీరుకుంటూ కాస్త కదిలి ఆగిపోయింది. క్యాపు నంబర్లు చూశాను, సరిగ్గానే ఉన్నాయి. క్రాంకే వంగిపోయి ఉంటుంది. నా రాత వంకరైతే అది మాత్రం తిన్నగా ఎలా ఉంటుంది?

దేవిశ్రీకి చెబితే నా మొహంలోకి కూడా చూడకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది. తర్వాత చూస్తే కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నాతో పడలేక విసిగిపోయి ఉంటుంది. ఈ దసరాకి స్కూటరుకి, కుట్టుమిషనుకి, ఆఖరికి కత్తిపీటకి కూడా బొట్టు పెట్టింది గానీ, షెడ్డువైపు తొంగి చూడనే లేదు. అంత అసహ్యం పుట్టించాను ఆ కారంటే.

గాజువాక నుంచి ఒకాయన ఇరవయ్యారో తారీకు ఆదివారం వచ్చి పట్టుకుపోతానన్నాడు. ఒట్టు ఒట్టే. కానీ బావా, గుండెల్లో ఏదో తీసేసినట్టుంది.

నీ
రాజు

కోయంబత్తూరు,
20 అక్టోబరు 1997

బావా,

ఫోను కలవలేదు, అందుకే కొరియరులో పంపుతున్నాను, ఆదివారానికి ముందే అందాలి. ఎవడికీ ఏమీ అమ్మకు.

ముందురోజు తిరిగిన క్రాంకు గుడ్డ కింద పడుకుని రాత్రికి రాత్రి వంగిపోదు. షెల్సు వాటి చోట్లోనే ఉన్నాయని రాశావు. ఉన్నాయనుకున్నావు. పండగనాడు వాటిని పైకి తీసి వెనక చూశావా? చూసి ఉండవు, ముందురోజు చూశాను కదా అని ధీమా. మొత్తం విప్పు. ప్రతి షెల్నీ బయటికి తీసి వెనకవైపు వెలుతుర్లో పెట్టి చూడు. ఏదో చేరింది. ఏం చేరిందో నాకు తెలీదు గానీ చేరింది.

విప్పకుండా అమ్మావో, నీకూ నాకూ మాటల్లేవు.

అర్జునరావు

దువ్వాడ,
27 అక్టోబరు 1997

ప్రియమైన బావకి,

నీ కొరియరు శనివారం అందింది. ఆదివారం తెల్లారి విప్పాను. మొదటి షెల్ తీసి వెనక్కి తిప్పితే ఎర్రగా ఉంది. తుప్పనుకున్నాను. వేలితో రాస్తే కుంకుమ! ప్రతి షెల్ వెనకా నడిమధ్యన ఒక బొట్టు, తడిపి పెట్టింది, గట్టిపడి పలుకులు కట్టింది.

దేవిశ్రీని పిలిచాను. గుమ్మంలో నిలబడి నా చేతిలోది చూసి చూరుకేసి చూసింది.

"నువ్వేనా?"

"మరెవులు? పండగపూట నువ్వు లెగకముందే వచ్చినాను."

"ఇంట్లో అన్నిటికీ పెట్టి దీనికి పెట్టలేదనుకున్నానే!"

"అన్నిటికీ పెట్టి దీనికొక్కదానికి పెట్టకపోతే మనసొప్పుద్దేటి? నువ్వు సూస్తే కారు మీద నాకు కోపం పోయిందని ఎగతాళి సేత్తావు. మెరిసే వైపు సెయ్యెట్టకూడదని నువ్వే కదా అన్నావు, గోడ మీది కాగితం నాను సదవలేదు. అందుకనీసి బొటనేలుతో పైకి నొక్కి తీసి, ఎనకాల పెట్టి, మళ్ళీ ఎక్కడివక్కడ కూకోబెట్టినాను. నువ్వెలా కూకోబెట్టినావో కిటికీలోంచి సూసినాను లే."

అప్పటికి సంగతి తనకీ అర్థమైంది. "ఓలమ్మో! దానివల్లేనా పట్టేసింది?" అని అక్కడే నేల మీద కూలబడింది. ఆరోజు వంటింట్లో ఎందుకు ఏడ్చిందో అడిగాను. "నాను పెట్టిన బొట్టు కూడా పని సెయ్యలేదనుకున్నాను. నీ మొకం ఎలాగుందో నువ్వు సూసుకున్నావా?" అంది. బావా, ఇన్నాళ్ళూ తను ఈ కారుని చూడలేకపోతోందనే అనుకున్నాను. లారీ వెనక తాడుతో వస్తున్న నన్ను చూడలేకపోయింది, అంతే. నాకూ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నూనె చేతులతో తుడుచుకున్నానేమో, మంట.

ఇంతలో గాజువాక ఆయన వచ్చేశాడు. నేను లేచేలోపే దేవిశ్రీ ఎదురెళ్ళి, "బండి అమ్మట్లేదు బాబూ. టీ తాగి ఎల్లండి" అంది. పాపం, ఆయన టీ తాగి వెళ్ళాడు. ఒట్టు సంగతేమిటని అడిగితే, దేవుడితో తనే మాట్లాడుకుంటుందట.

తర్వాత ఇద్దరం కూర్చున్నాం. షెల్సు, గుంటలు కిరసనాయిలుతో కడిగి తనే ఆరబెట్టింది, తనే తుడిచింది, నన్ను ముట్టుకోనివ్వలేదు. ఒక్కో క్యాపూ నేను బిగించాను, క్రాంకు తను తిప్పింది. మూడోది బిగించాక గాజుల చేత్తో అలా తోస్తే చప్పుడు లేకుండా ఒక చుట్టు తిరిగి వచ్చింది. "ఇలాగే తిరగాలా?" అని అడిగింది. ఇలాగే తిరగాలన్నాను. మళ్ళీ తిప్పింది. చాలని చెప్పినా వినకుండా తిప్పుతూనే కూర్చుంది.

ఇంకొక్క సంగతి, తిట్టుకోకు. ర్యాలీలో పక్కసీట్లో కూర్చుని దారి చూసి చెప్పే మనిషి ఉండాలి. నిన్నే పిలుద్దామనుకున్నాను. ఇవాళ క్లబ్బుకి పేరిస్తానని చెబితే మీ చెల్లి తన పేరు ఇమ్మంది. ఘాటు రోడ్డు, కడుపులో తిప్పుతుంది, భయమేస్తుంది అని ఎన్నో చెప్పి చూశాను.

"భయమే. అయితే ఏటి? మజ్జిలో అది ఆగిపోతే ఒక్కడివీ కొండ మీద దిగులుగా కూకుంటావు. పక్కనుంటే తిట్టడానికైనా మనిషిని ఉంటాను" అంది.

పేరు ఇచ్చేశాను బావా.

మీ చెల్లీ నేనూ, ఇద్దరం
సన్యాసిరాజు