నల్ల గడప దగ్గర ఆగిన బండి

నల్లగండ్ల,
ఆదివారం మధ్యాహ్నం.

అక్కకు చెల్లెలు సుగుణ నమస్కారాలు.

నీ మోకాళ్ల నొప్పి ఎట్లుంది? బావ షుగరు పరీక్ష చేయించుకున్నాడా? మేమంతా ఒంట్లో బాగానే ఉన్నాం. అత్తకు దగ్గు తగ్గింది. మీ మరిదికి చందానగర్ ఆఫీసులో పని ఎక్కువైంది, వానలో వచ్చి వానలో పోతున్నాడు. మా గురించి దిగులు పెట్టుకోవద్దు. అయినా మనసు కుదురుగా లేదు కాబట్టే రాస్తున్నాను. ఫోన్లో చెబుదామంటే నీకు సరిగా వినపడదు, నేను గట్టిగా అరిస్తే పక్క గదిలో మా పిల్ల హిమజకు వినపడుతుంది.

హిమజ పరిశోధనకు ఇంట్లో తిరిగే యంత్రం ఒకటి తెచ్చిందని చెప్పినాను కదా. దాని సంగతే ఇది. మేం దాన్ని బండి అంటున్నాం. అది రెండు అట్టపెట్టెల్లో వచ్చింది. అడుగున బోర్లించిన పెద్ద బాణలి లాంటి దిమ్మ, దానికింద చక్రాలు, మధ్యలో నిలువు కడ్డీ, కడ్డీ మీద పళ్లెం. దిమ్మ మీద ఒక చిన్న కన్ను గిరగిరా తిరుగుతూనే ఉంటుంది. ఇంట్లో ముసలివాళ్లకు మందు, నీళ్లు అందించి రావాలనేది హిమజ పని. యూనివర్సిటీలో గచ్చు అద్దంలా ఉంటుందట. అక్కడ తిరిగితే ఏం తెలుస్తుంది, మామూలు ఇంట్లో తిరగాలి అని వాళ్ల గైడు సార్ బండిని మన ఇంటికి పంపినాడు. దానికోసం ఇంకో అబ్బాయి కూడా కాచుకుని ఉన్నాడు. హిమజ పని కుదిరితే ఈ నెలలోనే వ్యాసం రాసి పెద్ద సభకు పంపాలి. కుదరకపోతే బండి ఆ అబ్బాయికి పోతుంది.

వచ్చిన రోజు ఆదివారం. ముందు ఇల్లంతా దానికి చూపించాలన్నారు. హిమజ చేతిలో ఆటబొమ్మ లాంటి మీట పట్టుకుని బండిని గోడల వెంబడి నెమ్మదిగా తిప్పింది. ల్యాప్‌టాప్‌లో మన ఇల్లు గీతలు గీతలుగా పడింది. మంచం కోళ్లు చుక్కల్లా కనిపించినాయి. అప్పటినుంచి కుర్చీ జరపకూడదు. జరిపితే బండి తికమక పడుతుంది. నేను కుర్చీ కాళ్ల చుట్టూ గచ్చు మీద టేపు అంటించి పెట్టినాను, యాదమ్మ ఊడ్చినాక మళ్లీ అక్కడే పెట్టాలని. యాదమ్మంటే మా పనిమనిషి, పాలమూరు దిక్కు ఊరు.

పగలు హిమజ యూనివర్సిటీకి పోతుంది. అందుకని బండిని నడిపే పని నాకు నేర్పింది. చార్జింగు స్టాండు మీదనుంచి దించడం, వంటింట్లో పళ్లెం మీద అత్త మందు పెట్టడం, ల్యాప్‌టాప్‌లో ఆకుపచ్చ బొత్తం నొక్కడం, ఏదన్నా గుద్దబోతే ఎర్ర బొత్తం కొట్టడం, ఎక్కడ ఆగిందో రాయడం. ఇంటి లెక్క రాసేదాన్నే కదా, అదేం కష్టం కాలేదు. నిజం చెప్పాలంటే ఈ ఊరికొచ్చినాక నాకంటూ ఒక పని దొరికిందని సంబరపడినాను. ఇక్కడ లిఫ్టులో నవ్వేవాళ్లున్నారు గానీ ఇంటికి వచ్చి కూర్చునేవాళ్లు లేరు.

కానీ వారమంతా బండి ఒక్కచోటే మొరాయించింది. గడప లేని వంటింట్లోంచి బాగానే వస్తుంది, హాలు దాటుతుంది, అత్త గది గడప దగ్గరికొచ్చి ఠక్కున ఆగిపోతుంది. ఇక్కడి ఫ్లాట్లలో గదులకు కొయ్య గడప ఉండదక్కా. గచ్చుతో సమానంగా నల్ల గ్రానైటు పలక పరిచి ఉంటుంది. ఎత్తేమీ లేదు, తగిలేదేమీ లేదు. అయినా ఆగిపోతుంది.

అత్త మంచం మీదనుంచే, "ఏమే సుగుణా, ఈ తాబేలు నా వాకిట్లో యాల నిలబడింది? దానికేమన్నా మర్యాద చేయాల్నా?" అనేది.

యాదమ్మ చీపురు పట్టుకుని నవ్వింది. "మా అత్త లెక్కనే ఉన్నదమ్మా. గడప కాడికొచ్చి అలుగుతది. జర బతిమాలుండ్రి."

హిమజకు మాత్రం నవ్వు రాలేదు. వాకిలి ఇరుకని బండి జంకుతోందని దాని లెక్క. రోజూ సాయంత్రం వచ్చి ప్రోగ్రాములో ఏదో మార్చేది. పిల్లకు అన్నం మీద ధ్యాస లేదు. బొరుగులతో ఉగ్గాని చేసి పెడితే చల్లారిపోయేది. గురువారం కూడా మార్చింది. శుక్రవారం పొద్దున ఆకుపచ్చ బొత్తం నొక్కితే బండి గడప దాటి నేరుగా అత్త మంచం దగ్గరికి పోయింది! అత్త మందు తీసుకుని, "వచ్చినావా నాయనా" అంది. హిమజ నన్ను పట్టుకుని గిర్రున తిప్పింది. శనివారం కూడా ఎన్నిసార్లు పంపినా దాటింది. ఆదివారం కూర్చుని, ఫలానా మార్పు చేస్తే వాకిలి దాటుతోంది అని లెక్కలన్నీ వేసి సార్‌కు పంపేసింది. ఆయన మెచ్చుకుని, వచ్చే శుక్రవారం నేనే వచ్చి చూస్తాను, చూసినాక వ్యాసం పంపుదాం అన్నాడట.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. దేవుడి పటాలు అత్త గదిలోనే ఉన్నాయి. అందుకని శుక్రవారం వీధి గడపతోపాటు ఆ గది గడపకు కూడా పసుపు రాసి బొట్లు పెట్టడం మా ఇంటి వాడుక. అంతకు ముందు వారం రాసింది, బండి వస్తుందని ఇల్లంతా కడిగించినప్పుడు పోయింది. ఆ శుక్రవారం మళ్లీ తెల్లవారగానే రాసినాను. వారంవారం చేసే పని మనకు గుర్తుంటుందా అక్కా? ఊపిరి తీసుకున్నట్టే.

మంగళవారం చూస్తే హాల్లో బండి చక్రాల పసుపు జాడలు పడి ఉన్నాయి. గడప గట్టిగా రుద్దమని యాదమ్మకు చెప్పినాను. సగం రుద్దిందో లేదో కింద వాచ్‌మన్ పిలిచినాడని పోయింది. నేను బండిని పంపినాను. ఆగింది. మళ్లీ పంపితే కొంచెం ఎడంగా వచ్చి దాటింది. ఇంకోసారి పంపితే ఆగింది. వంగి చూసినాను. పసుపు మిగిలిన పక్కకు వచ్చినప్పుడు దాటుతోంది, నల్లగా తేలిన పక్కకు వచ్చినప్పుడు ఆగుతోంది. నల్ల రాయి మీద పాత పేపరు పరిచినాను, దాటింది. తీసేసినాను, ఆగింది. అంటే దాన్ని దాటించింది హిమజ మార్పు కాదు, నా పసుపు.

మీ మరిదికి ఫోన్ చేసి చెప్పినాను. ఆయన ఒక్క మాటలో తేల్చేసినాడు. "నువ్వు నోరు మూసుకోవే. సార్ వచ్చేది శుక్రవారమే కదా? ఎప్పట్లాగే పసుపు రాయి. మన ఇంటి ఆచారం, ఎవరడుగుతారు? పిల్లను గట్టెక్కనీ."

ఆయన చెప్పింది తప్పనిపించలేదు. సాయంత్రం దాకా అదే మాట నెమరు వేసుకున్నాను. కానీ హిమజ లోపలికొచ్చి, "అమ్మా, ఇదే ప్రోగ్రాము ఇంకో నాలుగిళ్లలో కూడా పెట్టి చూస్తామన్నారు సార్" అనేసరికి ఇక ఆగలేకపోయినాను. ఆ నాలుగిళ్లల్లో పసుపు ఎవరు రాస్తారు? చెప్పేసినాను.

"అమ్మా, నా పనిలో నువ్వు వేలు పెట్టొద్దు. బొత్తం నొక్కడం వచ్చినంత మాత్రాన నీకన్నీ తెలిసినట్టా?" అని కసిరింది. పేపరు తెచ్చి చేతికిచ్చినాను. పరిచి చూసింది, తీసి చూసింది. తర్వాత బండిని తిరగేసింది. దాని కింద, అంచుకు, చిన్న చిన్న కళ్లున్నాయి. మెట్లమీదనుంచి పడిపోకుండా అవి నేలమీదికి వెలుతురు వేసి, అది తిరిగొస్తే నేల ఉందనుకుంటాయట. నల్ల రాయి ఆ వెలుతురును మింగేస్తుంది, బండికి అక్కడ గొయ్యి ఉన్నట్టు తోస్తుంది. "ఇరుకు అనుకున్నానమ్మా. వారమంతా దాని చుట్టే తిరిగినా" అని మెల్లగా అని, గచ్చు మీదే కూర్చుండిపోయింది. బుధవారం, గురువారం రెండు రోజులూ తలుపేసుకుని పని చేసింది, ఏం పనో నేనడగలేదు.

శుక్రవారం పొద్దున పసుపు గిన్నె పట్టుకుని హిమజ ముందర నిలబడినాను. "రాయనా? వద్దా?"

గిన్నె వైపు చాలాసేపు చూసింది అక్కా. ఆ చూపు నేను మరిచిపోలేను. తర్వాత తడిగుడ్డ తీసుకుని మిగిలిన పసుపు కూడా తనే తుడిచేసింది. వీధి గడపకు మాత్రం రాయమంది.

సార్ వచ్చినాడు. కోస్తా మనిషి, నెమ్మదస్తుడు. "నమస్కారమండి, మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నాం" అంటూ కూర్చున్నాడు. హిమజ బొత్తం నొక్కింది. బండి మందు పెట్టుకుని వచ్చింది, నల్ల గడప దగ్గర ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే అత్త కర్ర పట్టుకుని లోపలినుంచి వచ్చి గడప ఇవతలికి అడుగు వేయబోయి ఆగిపోయింది.

"శుక్రవారం పూట పసుపు లేదేమే? బోసి గడప నేను దాటను. ఆ మందేదో దాన్నే లోపలికి తెమ్మను."

అవతల అత్త, ఇవతల బండి. రెండూ దాటవు. ఇంకో రోజైతే నవ్వుకునేదాన్ని. సార్ ఇద్దరినీ మార్చి మార్చి చూసినాడు.

"ఏమ్మా హిమజా, ప్రతిసారీ దాటింది అని పంపావు కదమ్మా?"

హిమజ నిలబడి మొత్తం చెప్పింది. పసుపు సంగతి, పేపరు సంగతి, తన మార్పుతో దాటలేదన్న సంగతి. ఒక్క మాట కూడా దాచలేదు. నాకు ఊరటనిపించింది. ఆ ఊరట ఎంతోసేపు నిలవలేదు.

"ఇది నీకెప్పుడు తెలిసింది?" అన్నాడు సార్.

"మంగళవారం సార్."

"మరి మంగళవారమే నాకెందుకు చెప్పలేదమ్మా?"

నేను మాట కలపబోతే హిమజ చేత్తోనే వారించింది. ఆయన కోప్పడలేదక్కా, కోప్పడి ఉంటే బాగుండేది. కాఫీ సగం తాగి, "ఈసారి వ్యాసం వద్దులే. బండిని సోమవారం ల్యాబుకు పంపించేయ్, ఆ అబ్బాయి కూడా ఎదురు చూస్తున్నాడు. జరిగింది జరిగినట్టు రాసి తీసుకురా, చదివాక మాట్లాడుకుందాం" అన్నాడు. పోతూ నాకు దండం పెట్టినాడు. అది ఏ దండమో నాకు తెలియలేదు.

ఆ సాయంత్రం మీ మరిది నామీద అరిచినాడు. "చెప్పి ఏం సాధించినావు?" అన్నాడు. నాకూ తెలియదు. చెప్పినందుకు నాకు బాధ లేదు గానీ, ఆ రోజే పిల్ల చేయి పట్టుకుని సార్‌కు ఫోన్ చేయించి ఉంటే అనిపిస్తోంది. నేనేమో చెప్పేసినాను, నా బరువు దిగింది అనుకున్నాను. ఆ బరువు దాని నెత్తిన మూడు రోజులు ఉంది.

నిన్న హిమజ వంటింట్లోకి వచ్చి నా పక్కన నిలబడింది. "అమ్మా, నువ్వు చెప్పకుండా ఉంటే బాగుండేదని మూడు రోజులు అనుకున్నా. బండి సార్ ముందర ఆగినాక అట్ల అనుకోవడం మానేసినా" అంది. నేను తిరిగి చూసేసరికి గదిలోకి పోయింది. ఇప్పుడు లోపల కూర్చుని జరిగింది రాస్తోంది. పొద్దున్నుంచీ రాస్తూనే ఉంది.

రేపు బండి పోతుంది. పెట్టెల్లో సర్దడం ఇంకా మొదలుపెట్టలేదు.

మేం బాగానే ఉన్నాం, మళ్లీ చెబుతున్నా, కంగారుపడి బయలుదేరవద్దు. వీలైతే ఎవరన్నా ఇటు వచ్చేవాళ్లతో కాసిని బొరుగులు, కొర్రలు పంపు. ఇక్కడి బొరుగులు నోట్లో పెడితే మెత్తగా ఉంటాయి. బావకు, పిన్నమ్మకు నా నమస్కారాలు చెప్పు. పిల్లలకు ముద్దులు. హిమజను తలుచుకుని నీ ఇంట దీపం పెట్టేటప్పుడు ఒక మాట దేవుడికి చెప్పు.

ఒక్కటే అడుగుతున్నా అక్కా. దానికి ఫోన్ చేసినప్పుడు బండి మాట ఎత్తవద్దు. తిన్నావా అని మాత్రం అడుగు. నేనడిగితే తిన్నానంటోంది, పళ్లెం చూస్తే తడి కూడా ఉండదు. నీతో అబద్ధం చెప్పదు.

నీ దీవెన కోరుతూ,
చెల్లెలు
సుగుణ