మెట్ల దగ్గర చీటీ

షిరీన్ ఆంటీ,

మీరు చనిపోయిన ఏడాదికి మీ అభిమాన గాయని కూడా పోయారు. పర్షియన్ పాటకు పాప్ నడక నేర్పిన ఆమెను సొంత దేశంలోనే పాడనివ్వలేదని మీరే చెప్పారు.

మీ ఆదివారం పాటల సౌండ్ తగ్గించమని హానోవర్‌లోని మన బిల్డింగ్ మెట్ల దగ్గర పేరు లేని చీటీ అంటించింది నేనే. మర్నాడు మీరు కేకు పట్టుకుని మా ఇంటికే వచ్చి, "పాపం, ఎవరినో ఇబ్బంది పెట్టానమ్మా" అన్నారు. నేను కేకు తిన్నాను. ఆ తర్వాత గోడ అవతల మీ ఇంట్లోంచి ఆ గాయని గొంతు మళ్ళీ వినిపించలేదు.

ఇవాళ ఆదివారం. ఆమె పాట గట్టిగా పెట్టాను.

"సండే రూహెట్సైట్ కదా, చప్పుడు చేయకూడని రోజు, సౌండ్ తగ్గించవే!" అన్నారు మా ఆయన.

తగ్గించలేదు. సాయంత్రానికి మెట్ల దగ్గర పేరు లేని చీటీ వెలిసింది. పొల్లు పోకుండా అప్పుడు మీకు నేను రాసిన మాటలే.