డోర్డ్రెహ్ట్ రేవు మీద మబ్బు

డోర్డ్రెహ్ట్

ప్రభువునందు ప్రియులైన చిత్రకారులు వౌటర్ గారికి, తెరచాపలు కుట్టుకుంటూ వాక్యం చెప్పుకునే యోరిస్ వందనాలు.

మన రేవు బొమ్మ అందింది. ప్రార్థన మేడలో నా వెనక గోడకు తగిలించాను. బంగారు ఎండ, కదలని నీళ్లు, జోగే పడవలు. అది చూస్తూ సంఘమంతా జోగింది. “నిద్రించుచున్న నీవు మేల్కొనుము” అని గొంతు చించుకున్నా ఒక్కరూ కదల్లేదు. ఈస్టరుకల్లా మేడ నిండకపోతే జున్ను దాచడానికి తీసేసుకుంటానని యజమాని అంటున్నాడు. బొమ్మ తిప్పి పంపుతున్నాను. తుపాను వేయండి. యోనా ఎక్కిన ఓడను వణికించిన తుపాను.

మీ సహోదరుడు యోరిస్

తా.క. పావు వంతు ఊరు, ముప్పావు వంతు ఆకాశం వేశారు. ఆకాశం మాకిక్కడ ఊరికే దొరుకుతుందండీ.

డెల్ఫ్ట్

యోరిస్ గారికి, క్షేమమని తలుస్తాను.

పాత ఎండ మీదే నల్లమబ్బులు దట్టించి పంపాను. మా ఆవిడ చూసి శాలువా కప్పుకుంది.

ఇట్లు, వౌటర్

తా.క. కొండలుంటే అవే వేసేవాణ్ని. మన దేశానికి దేవుడు ఆకాశమే ఇచ్చాడు.

డోర్డ్రెహ్ట్

వౌటర్ గారికి,

కొంప ముంచారు. నేను “యోనా లేచి” అన్నానో లేదో, సంఘమే లేచింది. ఆడవాళ్లు పచ్చిక మీద ఆరేసిన దుప్పట్ల కోసం పరిగెత్తారు. మగవాళ్లు పడవలు కట్టుకోడానికి పోయారు. బయట చూస్తే ఫెళ్లున ఎండ. మిగిలింది మా ఆవిడ నేల్‌చె. వచ్చి ఆ మబ్బు తీసేయండి.

కుంగిపోయిన యోరిస్

తా.క. మేడ కొలతలు తీసుకోడానికొచ్చిన యజమాని అందరికన్నా ముందు పరిగెత్తాడు.

డెల్ఫ్ట్

యోరిస్ గారికి,

నా బొమ్మను ఇంతగా ఎవరూ మెచ్చుకోలేదు. వచ్చే వారం రంగులు పట్టుకుని వస్తాను.

పొంగిపోయిన వౌటర్

తా.క. బొమ్మలో పొగ తూర్పుకు పోతోంది. పడమటి గాలి వాన తెస్తుంది. మీవాళ్ల తప్పేం లేదు.

డోర్డ్రెహ్ట్

ప్రియ సహోదరులు వౌటర్ గారికి,

రావద్దు. శనివారం కడుగుళ్ల రోజు కదా, నేల్‌చె మేడ కడిగి, గోడ కడిగి, అదే ఊపులో మీ మబ్బునూ సబ్బునీళ్లతో తోమేసింది. ఆరని రంగు ఊడిపోయి, మబ్బుకు చిల్లు పడి, అడుగున ఉన్న ఎండ ఒక చార రేవు మీదికి దిగింది. నా ప్రాణం పోయినంత పనైంది. ఆదివారం జనమంతా బొమ్మ ముందు గుమిగూడారు. వెలుగు పడింది మా ఇంటి మీదంటే మా ఇంటి మీదని ఒకటే పోట్లాట. చూడ్డానికి వీధి వీధంతా వచ్చింది. నేను “వెలుగు కలుగును గాక” అని అందుకున్నాను. ఒక్కరు కునుకు తీస్తే ఒట్టు. యజమాని చోటు దొరక్క మెట్ల మీద నిలబడి విన్నాడు. జున్ను ఊసే ఎత్తలేదు.

ఆనందభరితుడు యోరిస్

తా.క. అందరూ వెళ్లాక దగ్గరికెళ్లి చూశాను. వెలుగు పడింది సారాకొట్టు మీద. “ఆయన చెడ్డవారిమీదను మంచివారిమీదను తన సూర్యుని ఉదయింపజేసి” అని సువార్తలో రాసి ఉంది కాబట్టి వచ్చే వారం దానిమీదే వాక్యం. సంగతి చెవిన పడ్డ కొట్టువాడు అప్పుడే ముందు వరసంతా పట్టేసుకున్నాడు.