వట్టివేళ్ళు ఇప్పుడే తవ్వకు

తమ్ముడూ, కాస్త అలసట తప్ప నేను బాగానే ఉన్నాను. వట్టివేళ్ళ నూనెకు ధర లేచిందని ఇప్పుడే తవ్వుతానన్నావు, ఆగరా. ఇవాళ మా అత్తరు కంపెనీ ఆఫీసులో నాలుగు దేశాల వట్టివేళ్ళ నూనెలు వాసన చూశాం. ఒకటి లేత వేళ్ళది, పచ్చిగడ్డి కంపు కొట్టింది. "దీన్ని గేదెకి పెట్టండి" అని నవ్వి పక్కన పడేశాడు కొనేవాడు. ఎవరి ఏడాది కష్టమో అనిపించింది. వేళ్ళు ముదిరేదాకా ధర నిలుస్తుందా అంటే, ఇంత చదివీ చెప్పలేను. సాయంత్రానికి నా ముక్కుకి అన్నీ ఒకటే అవుతున్నాయి. ఒక వేరు కవర్లో పంపు, పొద్దున్నే వాసన చూస్తాను. అమ్మకి జలుబు తగ్గిందా? తగ్గితే తననీ ఒక వేరు వాసన చూడమను. ఇద్దరం సరేనంటేనే తవ్వు. అందాకా గడ్డపార మరదలి దగ్గర దాచిపెట్టు, నీ తొందర నాకు తెలుసు. పిల్లలకు దీవెనలు.

అక్క