నీళ్లు తాగి పొండి

తునికిచెలక,
18 ఆగస్టు 2007, శనివారం.

సౌభాగ్యవతి పద్మావతికి, నీ భర్త పిచ్చయ్య దీవించి రాసేది.

ఇక్కడ నేనూ, గేదే, దూడా క్షేమం. అక్కడ మధిరలో నువ్వూ, లిఖితా, పాపా, మీ తమ్ముడింట్లో అందరూ క్షేమమని తలుస్తాను. క్షేమం అన్న మాట లేకుండా ఉత్తరం మొదలవదు కాబట్టి రాశాను. అది ఎంతవరకు నిజమో కిందికి వచ్చేసరికి నీకే తెలుస్తుంది.

నీ ఉత్తరం మంగళవారం అందింది. తిట్లతో మొదలుపెట్టి తిట్లతోనే ముగించావు. మనవరాలి బారసాలకు రాని తాత లోకంలో నేనొక్కడినే అన్నావు. పంచాయతీ మీటింగ్ అడ్డొచ్చిందని నేను రాయించిన ముక్క నువ్వు నమ్మలేదు. నమ్మకపోవడమే మంచిదైంది.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. గేదె రెండు పూటలా ఇస్తోంది. మాగాయ జాడీకి కట్టిన వాసెన విప్పలేదు, తడి గరిటె పెట్టలేదు. వంట నేనే చేసుకుంటున్నాను. మాడితే గేదెకు, మాడకపోతే నాకు. ఈ నెలలో గేదె కాస్త ఒళ్లు చేసింది. ఇక వాగు కావలి బొజ్జయ్యకు రోజూ మజ్జిగ ఇస్తున్నానా అని అడిగావు. నీ వెంకటగిరి చీర ఏదని అడిగావు. పోయిన ఉత్తరం సర్పంచ్ రుక్మిణి చేతిరాతలో ఎందుకుంది, నిజంగా కళ్లద్దాలే పోయాయా అని అడిగావు. కళ్లద్దాలు పోయిన మాట నిజమే. ఈ మూడింటికీ జవాబు ఒకటే, అది చెప్పడానికే ఇంత కాగితం తెచ్చుకున్నాను.

ఇంట్లో కూచుని రాయడం లేదు. వాగు గట్టున, అవతలికి దాటే చప్టా పక్కన, బొజ్జయ్య కూచునే బండ మీద కూచున్నాను. నెత్తిన గొడుగు, ఒళ్లో లిఖిత చిన్నప్పటి పరీక్ష అట్ట. పక్కన నీళ్ల బిందె, స్టీలు గ్లాసు. పైన గుట్టల మీద పొద్దుట్నుంచి ఒకటే వాన, ఇక్కడ మాత్రం తుంపర. ఏటా జూన్‌లో బొజ్జయ్య సున్నం కొట్టే రాయి ఎదురుగా ఉంది. దాని నెత్తిన తెలుపు నీళ్లపైన ఇంకా జానెడు కనిపిస్తోంది. రెండు ముక్కలు రాయడం, తలెత్తి దాన్ని చూడడం. అక్షరాలు వంకర పోతే ఏమీ అనుకోకు.

ఆగు, ఎవరో వస్తున్నారు.

తండా వాళ్లు ఇద్దరు, మోపెడ్ మీద. నేను కూచున్నచోటి నుంచే "కాస్త నీళ్లు తాగి పొండయ్యా" అన్నాను. ముందున్నవాడు పళ్లికిలించి "కుండ పెడ్తె సాలన్నవ్ గద తాతా, నువ్వెందుకు కూసున్నవ్?" అంటూ ఆపకుండా దాటేశాడు. వాళ్లు అవతలి గట్టెక్కేదాకా చూస్తూ కూచున్నాను. వాడి మాటలో తప్పు లేదు, అది నా మాటే. ఎక్కడ అన్నానో రాస్తాను.

నువ్వు మధిర వెళ్లిన వారానికే మండలం నుంచి కాగితం వచ్చింది, ప్రజల రక్షణ మీద గ్రామసభ పెట్టి తీర్మానం పంపమని. ఆ వెనకే ఇంకో కాగితం, ఈ ఏడు పంచాయతీకి వచ్చే నిధులు ఇంకా తగ్గుతాయని. గొడుగు చేతికిచ్చి బట్ట ఊడబీక్కున్నట్టు. సభకు జనం బాగానే వచ్చారు. తండా హీరాలాల్ లేచి, "ఎలుగ్గొడ్డు చేన్లల్ల తిరుగుతాంది. దారెంట లైట్లు లేకుంటె ఆడోళ్లు బయిటికి ఎట్ల వోతరు?" అని నిలదీశాడు. న్యాయమైన మాటే. అప్పుడు కార్యదర్శి సుబ్బరత్నం గారు లెక్కల పుస్తకం మూసేసి, "లైట్లు కావాలా, వాగు దగ్గర కావలి కావాలా? రెంటికీ చాలదు. ఏదో ఒకటి తేల్చండి" అన్నారు.

రుక్మిణి నా వైపు చూసింది. సర్పంచ్ తనే అయినా, ఉపసర్పంచ్‌ని, పెద్దవాణ్ని అని ఆ పిల్ల అన్నింటికీ నన్నే అడుగుతుంది. నాకు నోరెక్కడ ఊరుకుంటుంది? "నీళ్లు తాగి పొండని చెప్పడానికి మనిషెందుకండీ? ఒక కుండ, ఒక గ్లాసు పెడితే అదే చెబుతుంది" అన్నాను.

సభ సభంతా నవ్వింది. వెనక గోడకు ఆనుకుని బొజ్జయ్య కూడా నవ్వాడు. ఆ నవ్వులోనే తీర్మానం అయిపోయింది. నేను ప్రతిపాదించాను, హీరాలాల్ బలపరిచాడు. రక్షణ మీద పెట్టిన సభలో కావలివాణ్ని తీసేసి ఇంటికి వచ్చాం. వాగు దగ్గర "ప్రమాదము, వరద సమయమున దాటరాదు" అని రేకు బోర్డు పాతించాం. మూడో రోజున గేదెలు ఒళ్లు రుద్దుకుంటే పడిపోయింది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని నువ్వు వెయ్యిసార్లు చెప్పావు. అందుకే ఈ సంగతి నీకు రాయలేదు.

అసలు ఆ మాట వెనక ఏముందో మనకు తెలియనిది కాదు. దారిన పోయేవాణ్ని ఎక్కడికని అడగకూడదు, పోవద్దని అనకూడదు. శకునం బాగాలేకపోతే కాసేపు కూచుని, నీళ్లు తాగి బయలుదేరతాం. బొజ్జయ్య ఇరవై ఏళ్లుగా అదే చేశాడు. ఒక్కరినీ ఆగమనలేదు. "జరంత కూసొని నీళ్లు తాగి పోరాదుండ్రి" అనేవాడు. ఆ మాట అన్నాడంటే వాగు పెరుగుతోందని ఊరికీ తండాకీ తెలుసు. లిఖితకు నెలలు నిండుతున్నప్పుడు ఈ వాగును తలుచుకునే కదా పురుడు మధిరలో పోయిద్దామన్నాం. మన పిల్లకు మాత్రం ఆ జాగ్రత్త తీసుకుని, ఊరికి ఉన్న జాగ్రత్తను నేనే తీసేశాను.

తెలుపు ఇప్పుడు బెత్తెడే ఉంది. వాగు రంగు మారింది, ఎర్రమట్టి దిగుతోంది.

ఇప్పుడు అసలు సంగతి. చదివేటప్పుడు కంగారు పడకు, నేను బతికే ఉన్నాను కాబట్టే రాస్తున్నాను. బారసాలకు ముందురోజు తెల్లవారగానే బయలుదేరాను. నువ్వు అడిగినట్టే ఉయ్యాల కట్టడానికి నీ చీర సంచిలో పెట్టుకున్నాను, ఆ సంచి సైకిల్ హ్యాండిల్‌కు తగిలించాను. వాగు దగ్గరికి వచ్చేసరికి బొజ్జయ్య ఈ బండ మీదే కూచుని ఉన్నాడు. జీతం లేదు, అడిగినవాడు లేడు, అయినా వచ్చి కూచుంటున్నాడు. నన్ను చూసి, రాయిని చూసి, "అయ్యా, జరంత కూసొని నీళ్లు తాగి పోరాదుండ్రి" అన్నాడు.

రాయి నెత్తి మునిగే ఉంది. నాకూ కనిపించింది. కానీ పద్మా, నేను తీసేసిన మనిషి చెబితే నేను ఆగడమా? ఊళ్లో నవ్వరా? అదొక్కటే తోచింది. "నీకిక్కడ పనేంటి బొజ్జయ్యా? పంచాయతీ నిన్ను తీసేసిందిగా" అని సైకిల్ తోసుకుంటూ దిగాను.

నాలుగు బారలు వెళ్లానో లేదో కాళ్ల కింద చప్టా తగలలేదు. సైకిల్ చప్టా అంచున ఉన్న గుంజకు తట్టుకుని ఆగిపోయింది, నేను ఆగలేదు. కిందనున్న కానుగ పొద చేతికి దొరికింది, మణికట్టు ఫటుక్కుమంది. కళ్లద్దాలు అప్పుడే పోయాయి. తలతిప్పి చూస్తే బొజ్జయ్య మోకాళ్ల లోతులో ఉన్నాడు. బయలుదేరినవాణ్ని వెనక నుంచి పిలిస్తే అపశకునమని అప్పుడు కూడా పిలవలేదు ఆ మనిషి. పిలవకుండా నా వెనకే నీళ్లలోకి దిగాడు.

సైకిల్‌కున్న సంచిలోంచి నీ చీర లాగి, మెలిపెట్టి, ఒక కొస గుంజకు కట్టి రెండో కొస నాకు విసిరాడు. లిఖితను ఊపిన చీర నన్ను మోసింది. నేను గట్టు అందుకున్నాకే చిరిగింది. కానీ వాడు పైకి వచ్చేలోపు కొట్టుకొచ్చిన దుంగ ఒకటి వాడి కాలికి తగిలింది. మోకాలి కింద ఎముక విరిగింది. సగం చీరతో ఆ కాలు కట్టి, తండా వాళ్లు మమ్మల్నిద్దర్నీ ట్రాక్టర్ మీద అడవి దారిన భద్రాచలం దవాఖానాకు చేర్చారు. నా కుడిచేతికి కట్టు వేసి పంపేశారు, ఇప్పుడిప్పుడే వేళ్లు కదులుతుంటే అద్దాలు లేకుండానే ఇది రాస్తున్నాను. వాడు ఇంకా అక్కడే ఉన్నాడు. కాలు వస్తుంది కానీ కుంటు తప్పదంటున్నారు. మీటింగ్ అడ్డొచ్చిందని నీకు రాయించింది ఆ మర్నాడు. రుక్మిణి వద్దంటున్నా బతిమాలి రాయించాను. నీకు చెప్పడానికి భయం కాదు, సిగ్గు. ఈ వయసులో ఇంత సిగ్గు మిగిలి ఉందని నాకే తెలియదు.

మొన్న బుధవారం చూడ్డానికి వెళ్లాను. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. మంచం మీద నుంచే కిటికీ బయట వాన చూసి, "రాయి మునిగిందా అయ్యా?" అన్నాడు.

"ఇంకా లేదు" అన్నాను.

"ఆడ ఎవలు కూసున్నరు?"

ఎవరూ లేరు. సోమవారం పంచాయతీలో నేనే లేచి నా తీర్మానం తప్పని చెప్పాను. ఈ ఏటికి దానికి కేటాయింపు లేదన్నారు సుబ్బరత్నం గారు. సభ్యులం వంతులవారీగా కూచుందామన్నాను, అందరూ తల ఊపారు, ఒక్కరూ రాలేదు. అదంతా వాడికి చెప్పడానికి నోరు రాక, "నేనే కూచుంటున్నా" అనేశాను.

వాడు నా కట్టు వైపు చూసి నవ్వాడు. "మీ మాట ఇంటున్నరా?"

"వినరు" అన్నాను. అప్పటికి ఒక్కరోజూ కూచోలేదు, ఆ ముక్క ఊహించి చెప్పాను.

"కూసున్న కాడికెల్లి చెప్తె ఇనరయ్యా. బెదిరిస్తె మొండికేస్తరు. లేసి ఎదురువోయి గిలాస చేతికియ్యాలె. చేతికిచ్చిన నీళ్లు ఎవ్వలు కాదనరు. తాగేటప్పుడు మనిషి నిలవడ్తడు. నిలవడ్డోడు వాగును చూస్తడు. ఇగ మనం చెప్పేదేముంది?"

ఇరవై ఏళ్లు వాడు చేసిన పని అదీ పద్మా. కుండ చెబుతుందన్నాను నేను. ఆ మర్నాటి నుంచి వచ్చి కూచుంటున్నాను. ఇందాక మోపెడ్ వాళ్లకు కూచునే చెప్పాను, ఒళ్లు వంగక.

రాస్తుండగా రుక్మిణి వచ్చింది, స్కూటీ మీద. కావలి మళ్లీ పెట్టించాలని మండలం మీటింగ్‌లో అడగడానికి కొత్త తీర్మానం పట్టుకుని బయలుదేరింది. ఈసారి అట్ట కింద పడేసి లేచాను. గ్లాసు నింపి ఎదురు వెళ్లాను. ఎడమచేత్తో ఇవ్వకూడదు కదా, కట్టున్న కుడిచేతి వేళ్లతోనే పట్టుకున్నాను, సగం ఒలికింది.

"పెద్దయ్యా, టైమైతాంది. బొజ్జయ్య పని మీదనే పోతున్న" అంది.

గ్లాసు చాచే ఉన్నాను. చేతికున్న కట్టు చూసి జాలిపడిందో ఏమో, దిగి అందుకుంది. తాగుతూ తాగుతూ కళ్లు అటు తిప్పింది. రాయి మీద తెల్లగా వేలెడు ఉన్నది తను చూస్తుండగానే మునిగిపోయింది. గ్లాసు ఖాళీ అయ్యేలోపు, వేళ్లతో సహా లేచిన చెట్టొకటి చప్టా మీంచి పొర్లుకుంటూ వెళ్లింది. ఆ పిల్ల స్కూటీ స్టాండ్ వేసి బండ మీద కూలబడింది.

ఖాళీ గ్లాసు నా చేతికిచ్చి, "నీళ్లు తాగి పొమ్మనేటందుకు ఒక మనిషి కావాలె అని నేను ఆడ ఎట్ల చెప్పాలె పెద్దయ్యా? నవ్వుతరు" అంది.

"నవ్వుతారు. మనమూ నవ్వాంగా" అన్నాను. మీటింగ్ పోయింది. మళ్లీ ఎప్పుడు పెడతారో తెలియదు. ఇప్పుడు పక్కనే కూచుని ఇవతల చేరినవాళ్లకు తనే నీళ్లు ముంచి ఇస్తోంది. తొమ్మిది మంది ఆగారు.

మిగిలిన సగం చీర ఉతికి ఆరేశాను. ఉయ్యాలకు చాలదు, పాపకు పొత్తిగుడ్డలకు వస్తుంది. తిట్టాలనుకుంటే తిట్టు, ఈసారి తిట్లన్నీ నావే.

బారసాలకు రాని తాతకు మేమే తెచ్చి చూపిస్తాం, వచ్చే గురువారం బయలుదేరతాం అని రాశావు. పాప ముక్కు నాదంటున్నారట. రోజుకు పదిసార్లు అద్దంలో చూసుకుంటున్నాను. వాగు తగ్గగానే అవతలికి పోయే మొదటి మనిషి చేత ఈ ఉత్తరం డబ్బాలో వేయిస్తాను, గురువారంలోపు నీకు అందాలి. రావద్దని రాయను, బయలుదేరేవాళ్లను అట్లా అనకూడదు. కాగితంలోంచి గ్లాసు నీ చేతికివ్వడం కుదరడం లేదు, ఇచ్చాననే అనుకో.

కాస్త కూచుని, నీళ్లు తాగి రండి.

ఇట్లు,
మనవరాలి ముఖం ఇంకా చూడని తాత,
నీ భర్త
పిచ్చయ్య