దీదీ అని పిలిచే మెసేజ్

నర్సమ్మా,

తెల్లారేసరికే మబ్బు కమ్మి సన్నగా చినుకులు మొదలయ్యాయి. ఆరేసిన అమ్మ దుప్పట్లు లోపల వేశాను. అమ్మ మళ్లీ వీధిలోకి వెళ్లిపోకుండా గేటుకి తాళం పెట్టాను, రెండో తాళంచెవి బియ్యం డబ్బాలో ఉంది. పడుకున్నావని లేపలేదు.

నీ ఫోను మోగితే చూశాను. మతిమరుపు వాళ్లని చూసుకునే ఇళ్లకి సలహాలు పంపే ఆస్పత్రివాళ్ల మెసేజ్. "దీదీ, రాత్ కో నీంద్ ఆయీ?" అని, అక్కా రాత్రి నిద్ర పట్టిందా అని హిందీలో అడిగారు. దాని పైన నిన్న నువ్వు రాసింది కూడా చదివాను. నడుం పట్టేసిందని, బాత్రూంలో కూర్చుని ఏడ్చానని రాశావు. నిన్న నేను అడిగితే "ఏటీ లేదు, బాగానే ఉన్నాను" అన్నావు. మనిషో మిషనో తెలియని దానికి చెప్పుకున్నది, కట్టుకున్నవాణ్ణి, నాకెందుకు చెప్పలేదు? కడుపు మండింది.

అమ్మ ఏమన్నా కాదనొద్దని కూడా అందులో ఉంది. పొద్దున్న అమ్మ నన్ను చూసి "ఒరే తమ్ముడా, ఎప్పుడొచ్చినావురా?" అంది. రోజూ నీ కొడుకునే అని వాదించేవాణ్ణి. ఇవాళ "ఇప్పుడేనప్పా" అని అక్కని పిలిచినట్టే అన్నాను. నవ్వి, టీ మొత్తం తాగింది. ఈ సంగతి వాళ్లకి రాయకు. తమ గొప్పే అనుకుంటారు.

ఫస్ట్ షిఫ్ట్ దిగి తిన్నగా ఇంటికే వస్తాను. అమ్మకి ముందే పెట్టెయ్యి. నువ్వు మాత్రం నేనొచ్చేదాకా తినకుండా ఉండు.

నడుముకి మందు నేను రాస్తాను. ఫోను పక్క గదిలో పెట్టెయ్యి. నేనేమీ అడగను, నువ్వేమీ చెప్పక్కర్లేదు. ఊరికే ఎదురెదురుగా కూర్చుని తిందాం.